చలికోటుకు చోటుంది, చలువకోటుకు లేదు

మే నెల మిట్టమధ్యాహ్నం పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ మళ్లించే కానిస్టేబుల్ నీడ కోసం ఫ్లైఓవర్ స్తంభం పక్కకు జరగలేడు. అమీర్‌పేటలో తోపుడుబండి మీద పండ్లు అమ్మేవాళ్లకు నెత్తిమీద మెట్రో ట్రాక్ అయినా అడ్డుంటుంది. 2015 వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షల రూపాయలకు పెంచింది. మంచి నిర్ణయమే. కానీ మనిషి బతికుండగా ఒంటిమీద వేసుకునే రక్షణ సంగతి ఇంకా తేలలేదు. అందులో ఒక చిక్కు ఎవరూ పెద్దగా తొంగిచూడని కస్టమ్స్ టారిఫ్‌లో ఉంది.

ఒంటిని చల్లబరిచే దుస్తులు చాలా రకాలున్నాయి. నీళ్లలో ముంచి, పిండి వేసుకునేవి కొన్ని. జేబుల్లో గడ్డకట్టిన ప్యాక్‌లు పెట్టుకునేవి ఇంకొన్ని. ఆ ప్యాక్‌లోని మైనంలాంటి పదార్థం కరుగుతూ ఒంటి వేడిని లాగేసుకుంటుంది. జపాన్‌లో పుట్టిన ఫ్యాన్ జాకెట్ తీరు వేరు. సోనీలో ఇంజినీరుగా పనిచేసిన హిరోషి ఇచిగయా దీని కోసం 2004లో కంపెనీయే పెట్టారు. నడుముకు రెండు పక్కలా అరచేతిలో పట్టేంత ఫ్యాన్లు, జేబులో బ్యాటరీ. బయటిగాలి లోపలికి చొరబడి, చెమట ఆరబెట్టి, మెడ దగ్గర, చేతుల దగ్గర బయటికి పోతుంది. అక్కడి నిర్మాణ కార్మికులకు వేసవిలో ఇది అలవాటైన దుస్తు.

సేఫ్టీ సామాన్లు అమ్మే వ్యాపారి ఒకరు ఇలాంటి జాకెట్లను సనత్‌నగర్ కంటైనర్ డిపోకో, శంషాబాద్ ఎయిర్ కార్గోకో తెప్పించారనుకుందాం. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఎనిమిది అంకెల కోడ్ రాయాలి. 2011 నుంచి స్వీయ మదింపు పద్ధతి నడుస్తోంది కాబట్టి ఆ కోడ్‌కు పూచీ దిగుమతిదారుడిదే. అల్లిన బట్టయితే 61వ అధ్యాయం, నేసినదైతే 62. నేసిన బట్టకు ప్లాస్టిక్ పూత ఉంటే 6210. ఫ్యాన్ లేనిదే ఈ జాకెట్ లేదు కదా అని అధికారి అంటే ఫ్యాన్ల శీర్షిక 8414. ఇలాంటి పేచీలకు టారిఫ్‌లోనే మూడో నియమం ఉంది. ముందు ఏ శీర్షిక వస్తువును మరింత నిర్దిష్టంగా చెబుతోందో చూడాలి. తేలకపోతే వస్తువుకు అసలు స్వభావం ఏ భాగం నుంచి వస్తోందో చూడాలి. అప్పటికీ తేలకపోతే అంకెల వరసలో చివర వచ్చే శీర్షికే గతి. అంటే 62కూ 84కూ మధ్య తగవు తెగకపోతే జాకెట్ వెళ్లి యంత్రాల సరసన చేరుతుంది.

అమెరికాలో స్నగ్గీ అనే చేతుల దుప్పటి మీద ఇలాంటి తగవే కోర్టుకెక్కింది. దుస్తు అయితే సుంకం 14.9 శాతం, దుప్పటి అయితే 8.5 శాతం. కస్టమ్స్ శాఖ దుస్తు అంది. 2017లో అక్కడి అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం దుప్పటే అని తేల్చింది.

మన టారిఫ్‌లో అసలు లోటు 85వ అధ్యాయం మొదటి గమనికలో ఉంది. కరెంటుతో వెచ్చబడే దుప్పట్లు, దుస్తులు, బూట్లు, చెవి తొడుగులు ఈ అధ్యాయం కిందికి రావని అందులో స్పష్టంగా రాశారు. వైరున్నా, బ్యాటరీ ఉన్నా ఆ చలికోటును ఎలక్ట్రిక్ యంత్రంగా చూడకూడదన్నమాట. కరెంటుతో చల్లబడే దుస్తుల గురించి మాత్రం ఆ గమనికలో ఒక్క ముక్క లేదు. ఫ్యాన్లున్న 84వ అధ్యాయం గమనికల్లోనూ లేదు. బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ నిర్వహించే, మన టారిఫ్‌కు మూలమైన పట్టిక 1988 జనవరి 1న అమల్లోకి వచ్చింది. మంచు కురిసే దేశాల అవసరం అందులోకి ఎక్కింది. మన రోహిణి కార్తె అవసరం ఎక్కలేదు.

వేడి కోటుకు వర్తించేదే చలువకోటుకూ వర్తిస్తుందని వాదించవచ్చు, ఆ వాదన సబబే. కానీ పోలిక చూపినంత మాత్రాన నోటీసు ఆగదు. సరుకు అమ్ముడైపోయినా సుంకం కట్టిన రెండేళ్ల లోపు, వివరాలు దాచారనుకుంటే ఐదేళ్ల లోపు, తక్కువ కట్టిన సుంకం అడిగే అధికారం చట్టం ఇచ్చింది. ముందస్తు తీర్పు తెచ్చుకునే వీలుంది కానీ దానికి ఢిల్లీలోనో, ముంబైలోనో ఉన్న అథారిటీ ముందుకు వెళ్లాలి. వంద జాకెట్లు తెప్పించే చిన్న వ్యాపారికి అది అయ్యే పని కాదు. ఆ భయాన్ని ధరలో కలుపుకుంటాడు, లేదా సరుకే మానుకుంటాడు.

జీఎస్టీ సంగతీ ఇంతే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు దుస్తులకు 5 శాతం, ఆపైన 18 శాతం. ఫ్యాన్లు, బ్యాటరీ కలిసిన జాకెట్ ఆ గీత దాటితే పెళ్లి షేర్వాణీకీ, తారు పోసే కూలీ జాకెట్‌కూ ఒకటే రేటు పడుతుంది. ఇది అన్యాయం.

వస్తువును రూపాన్ని బట్టి, తయారీని బట్టి వర్గీకరించే పద్ధతి మంచిదే, దాన్ని వంచనక్కర్లేదు. చల్లబరిచే దుస్తులను దుస్తులుగానే చూడాలని పరోక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇస్తే సగం తగవు తీరుతుంది. కోడ్‌లో మొదటి ఆరు అంకెలు అంతర్జాతీయమైనా చివరి రెండూ మన చేతిలోనివే. వాటితో వీటికి విడి పద్దు తెరవాలి. ఇప్పుడివి ‘ఇతరములు’లో కలిసిపోతున్నాయి కాబట్టి దేశంలోకి ఎన్ని వస్తున్నాయో లెక్క కూడా తెలియదు. ఆపైన కస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద, బయట పనిచేసే కార్మికుల కోసం పోలీసు శాఖ, మున్సిపాలిటీలు, కాంట్రాక్టర్లు కొనే వాటికి షరతులతో సుంకం మినహాయించాలి.

దేశీయ తయారీ దెబ్బతింటుందన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. ఏసీ హెల్మెట్లు చేసే జార్ష్ కంపెనీ హైదరాబాద్‌దే, రాచకొండ ట్రాఫిక్ పోలీసులు 2023లో ఏసీ హెల్మెట్లు పెట్టుకుని చూశారు. అందుకే మినహాయింపును తయారైన జాకెట్‌తో ఆపకుండా ఇక్కడి తయారీదారు తెప్పించే విడిభాగాలకూ ఇవ్వాలి. లేకపోతే తయారైన సరుకు చౌకగా, విడిభాగాలు ఖరీదుగా వస్తాయి.

2028 జనవరి 1న కొత్త అంతర్జాతీయ పట్టిక అమల్లోకి వస్తుంది. దానికి తగ్గట్టు మన షెడ్యూలును ఎలాగూ సవరించాలి. ఆ బిల్లులోనే చలువకోటుకు విడి కోడ్ పెట్టాలి. 85వ అధ్యాయం గమనికలో ‘వెచ్చబడే’ పక్కన ‘చల్లబడే’ అని చేర్చమని, ఆ తర్వాతి సవరణ కోసం భారత్ బ్రస్సెల్స్‌లో ప్రతిపాదించాలి.