గోడ ఆరకముందే రంగులా?

పోయిన ఆదివారం నందిగామలో మా మేనకోడలి ఇంటికి వెళ్లాను. మాఘంలో గృహప్రవేశం చేసుకున్నారు. ఇంకా ఆరు నెలలు నిండలేదు, పడకగదిలో లేత పసుపు గోడ నడుమెత్తు వరకు బుడగలు పొక్కి ఉంది. వేలు పెట్టి నొక్కితే అప్పడం విరిగినట్టు పెచ్చు ఊడొచ్చింది. దాని వెనక లప్పం పిండిగా రాలింది. ఆ కింద ప్లాస్టరింగు మీద ఉప్పు పూసి, తెల్లగా నూగులా ఉంది.

"పెయింటరు మోసం చేశాడు మామయ్యా" అంది.

ప్లాస్టరింగు ఎప్పుడయిందని అడిగాను. సంక్రాంతి వెళ్లాకట. పన్నెండో రోజున లప్పం పెట్టించారు. ఇక పెయింటరు చేసిన మోసమేమిటి?

శ్లాబు పడగానే ముహూర్తం పెట్టించుకోవడం, అక్కణ్నుంచి రోజులు వెనక్కి లెక్కపెట్టడం మనకు అలవాటైపోయింది. ప్లాస్టరింగు చేసిన గోడకి కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి. తాగిన నీళ్లు బయటికి పోవడానికి ఇంకో నెల పడుతుంది, ముసురు పట్టిందా రెండు నెలలు. ఆ నెలే మన దగ్గర ఉండదు. కార్డులు పంచేసి ఉంటాం.

సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడేటప్పుడు సున్నం పుడుతుంది. పచ్చి గోడలో క్షారం పీహెచ్ 12 దాటి ఉంటుంది. దాని మీద ఆయిలు పెయింటు వేస్తే సబ్బులా మారి జిగటపడుతుంది. ప్లాస్టిక్ పెయింటయితే లోపలి తడి దాన్ని నెట్టుకుని వస్తుంది. చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న జగ్గయ్యపేట పక్కనే ఉండి మనకు సిమెంటు గుణం తెలియకపోతే ఎలా?

పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇంట్లోనూ తెలుసు. నీళ్లలో పసుపు కలిపి గోడకి అద్దండి. చిక్కగా ఎర్రబడిందంటే గోడ ఇంకా పచ్చిగా ఉన్నట్టే. ప్లాస్టిక్ కాగితం ముక్క చుట్టూ టేపు వేసి గోడకి అంటించి, ఒక పగలూ రాత్రీ ఉంచి చూడండి. లోపల చెమ్మ పట్టిందంటే పెయింటు డబ్బా మూత తియ్యొద్దు.

పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి రెండేళ్లకోసారి రంగుల కోసం జగ్గయ్యపేటకు తరలివెళ్తుంది. పని పూర్తయి అమ్మవారు తిరిగొచ్చేదాకా ఈ ప్రాంతమంతా భక్తిగా ఎదురుచూస్తుంది. తల్లి రంగుల కోసం అంత ఓపిక పట్టే మనం, బిడ్డలు పడుకునే గది గోడకి ఒక్క నెల ఇవ్వలేమా?

వరలక్ష్మీ వ్రతానికి పైన ఇంకో కోటు కొట్టిద్దామంటుంది మా పిల్ల. వద్దన్నాను. వదులైన రంగూ లప్పమూ ప్లాస్టరింగు కనిపించేదాకా గీకెయ్యాలి. ఉప్పుని పొడి బ్రష్షుతోనే దులపాలి. తడిగుడ్డ పెడితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. గోడ అవతల బాత్రూం ఉంది కాబట్టి పైపు కారుతోందేమో ముందు చూడాలి. తర్వాత కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, దీపావళి దాకా గోడని అలాగే వదిలెయ్యాలి. లప్పం, క్షారాన్ని తట్టుకునే ప్రైమరు, రెండు కోట్ల రంగు, అన్నీ ఆ తర్వాతే.

నా మనసుని ఎక్కువగా కష్టపెట్టింది మాత్రం గోడ కాదు. పెయింటరుకి ఇరవై వేలు ఆపారట. "నెలాగండమ్మా, గోడ పచ్చిగా ఉంది" అని అతను మొదటే చెప్పాడని మా పిల్లే ఒప్పుకుంది. ఆగనివ్వలేదు. ముహూర్తానికి అందించడం కోసం అతను ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకుని రాత్రి పదకొండు దాకా లైట్లేసుకుని పనిచేశాడు. ఆ కుర్రాళ్ల కూలీ తన జేబులోంచే ఇచ్చుకున్నాడు. తాపీ మేస్త్రి, వడ్రంగి, టైల్స్ వేసేవాడు, ఎవరిని కదిపినా ఇదే గోడు. ఇల్లు కట్టడానికి లక్షలు అప్పు తెస్తాం, ఆఖరి విడత కూలీ దగ్గరికొచ్చేసరికి ఏదో ఒక వంక వెతుకుతాం. పని చెడితే ఎందుకు చెడిందో అడగం. డబ్బు ఆపుతాం. ఇది అన్యాయం, నా ఇంటి మనుషులు చేసినా అన్యాయమే.

శ్రావణం రాకముందే అతని డబ్బు అతనికి ఇచ్చెయ్యమని గట్టిగా చెప్పి వచ్చాను. ఇంకా ఇవ్వలేదని నిన్న ఫోన్‌లో తెలిసింది. ఈ ఆదివారం మళ్లీ నందిగామ వెళ్తున్నాను.