పసివారి దగ్గుకు పెద్ద మందులా?

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల పల్లెల్లో పసిబిడ్డకు జలుబు చేస్తే తల్లి మొదట తట్టేది ఆర్.ఎం.పి. తలుపే. పొడిలో నీళ్లు కలిపి పట్టే యాంటీబయాటిక్ సీసా చేతికి వస్తుంది. రెండు రోజుల్లో తగ్గకపోతే మరో రకం. కొందరు నేరుగా మందుల షాపులోనే అడిగి తెచ్చుకుంటారు.

జలుబు, మామూలు దగ్గు చాలావరకు వైరస్ వల్ల వస్తాయి. యాంటీబయాటిక్ పనిచేసేది బాక్టీరియా మీద. సీసా పట్టినా పట్టకపోయినా జలుబు కొద్ది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం మందుకు వస్తుంది.

డబ్బు దండగతో పోయే విషయమైతే ఇంత చెప్పుకోనక్కరలేదు. పుట్టినప్పటి నుంచి బిడ్డ పేగుల్లో మేలుచేసే సూక్ష్మజీవులు చేరుతుంటాయి. దేనితో పోరాడాలో, దేనిని విడిచిపెట్టాలో శరీరం నేర్చుకోవడానికి అవి తోడ్పడతాయి. యాంటీబయాటిక్ వాటినీ దెబ్బతీస్తుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2012లో చేసిన ప్రయోగంలో, పుట్టిన కొత్తలో ఒక యాంటీబయాటిక్ పట్టించిన ఎలుకలకు ఉబ్బసం తీవ్రంగా వచ్చింది. పెద్ద ఎలుకలకు ఇచ్చినప్పుడు ఆ తేడా కనిపించలేదు. అదే రాష్ట్రంలో 2000–2014 మధ్య పసివారికి ఈ మందులు రాయడం తగ్గింది. ఆ కాలంలోనే ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కొత్తగా ఉబ్బసం రావడం 26 శాతం తగ్గినట్లు 2020లో ప్రచురించిన లెక్కలు చెబుతున్నాయి.

ఇంతమాత్రాన ఉబ్బసానికి మందే కారణమని తీర్పు చెప్పరాదు. ఉబ్బసం తొలి ఆయాసాన్నే జలుబనుకుని యాంటీబయాటిక్ పట్టి ఉండవచ్చు. స్వీడన్‌లో సుమారు ఐదు లక్షల మంది పిల్లల వివరాలతో 2014లో వెలువడిన పరిశీలనలో, ఒకే తల్లి బిడ్డలను పోల్చి చూస్తే ఆ సంబంధం బలహీనపడింది. పలకల గనుల దుమ్ము, కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ ఆయాసాన్ని పెంచేవే. వంశంలో ఉబ్బసం ఉంటే బిడ్డకూ రావచ్చు. అయినా అక్కరలేని మందు మానినందువల్ల బిడ్డకు పోయేది ఏమీ లేదు.

అవసరమైన మందు మాత్రం మానరాదు. న్యుమోనియా ప్రాణం తీసే జబ్బు. దానిని అనుమానించడానికి యంత్రాలు అక్కరలేదు. బిడ్డ ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం శ్వాస లెక్కించాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40, లేదా అంతకు మించి ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆలస్యం చేయరాదు. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఆస్పత్రే దారి. ఇవేవీ లేని జలుబుకు తల్లిపాలు, వెచ్చదనం, ముక్కులో సెలైన్ చుక్కలు చాలు.

తప్పంతా ఆర్.ఎం.పి.లదే అనడం న్యాయం కాదు. అర్ధరాత్రి పిలిస్తే పలికేది వారే. సూది వేయకపోతే, సీసా ఇవ్వకపోతే ‘ఈయనేం డాక్టరు’ అని మరొకరి దగ్గరకు పోయేది జనమే. కూలికి పోతే గాని పొయ్యి వెలగని తల్లి బిడ్డనెత్తుకుని ఒంగోలుకో, నంద్యాలకో ఎన్నిసార్లు పోగలదు?

చట్టం లేక కాదు. ఎర్ర గీత ఉన్న మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. సెఫిక్సిమ్ వంటి మందులు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చిందీ ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలని 2014 మార్చి నుంచి నిబంధన ఉంది. ఔషధ తనిఖీ అధికారులు పట్టణాలతోపాటు పల్లె కూడళ్లలోని షాపుల్లోనూ ఆ రిజిస్టర్లు చూడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వేళకు డాక్టరు ఉండేటట్లు ప్రభుత్వం చూడాలి. శ్వాస లెక్క ప్రతి తల్లికీ, ప్రతి ఆర్.ఎం.పి.కీ నేర్పించాలి.

తల్లిదండ్రుల వంతూ ఉంది. ‘ఇది యాంటీబయాటిక్కా? బిడ్డకు అవసరమేనా?’ అని అడగడానికి మొహమాటపడరాదు. డాక్టరు అవసరమని రాస్తే చెప్పినన్ని రోజులూ పట్టాలి. మిగిలిన సీసాను దాచి మరో బిడ్డకు పట్టరాదు.