బయటివాళ్లు ఎవరు?

సామాజిక ఉద్యమకారిణి మేధా పాట్కర్‌తో పాటు మరో 24 మంది రెండు నెలలపాటు జిల్లాలో అడుగు పెట్టరాదంటూ 2025 జూన్ 4న ఒడిశాలోని రాయగడ జిల్లా యంత్రాంగం ఆదేశం జారీచేసింది. మర్నాడే ప్రపంచ పర్యావరణ దినం. ఆ రోజు రాయగడ రైల్వేస్టేషన్‌లోనే పోలీసులు ఆమెను అడ్డుకున్నారు. బాక్సైట్ తవ్వకం నుంచి సిజిమలి కొండను కాపాడుకోవాలని కాశీపూర్ ప్రాంత గిరిజనులు తలపెట్టిన సభకు వెళ్లబోవడమే ఆమె చేసిన నేరం. 2025లో, రాజ్యాంగం అమలులో ఉన్న దేశంలో, కొండ గురించి మాట్లాడే మనిషికి జిల్లా సరిహద్దే కంచె అయింది. ఇది సిగ్గుచేటు.

శాంతిభద్రతలు కాపాడే బాధ్యత యంత్రాంగానికి ఉంది. లాంజిగఢ్‌లోని వేదాంత అల్యూమినా కర్మాగారానికి ముడిసరుకు కావాలన్నదీ, ఈ ప్రాంత యువతకు ఉద్యోగాలు కావాలన్నదీ కాదనలేని మాటలే. వాటిపై చర్చకు మేము సిద్ధం. కానీ ఈ ఆదేశానికి ఊపిరి పోసిన మాట ఒకటుంది. గిరిజనులు తమంతట తాము ఖనిజ తవ్వకాన్ని వద్దనరట, బయటివాళ్లు వచ్చి రెచ్చగొడితేనే వద్దంటారట. ఇది అబద్ధం. అబద్ధమని ఒడిశా ప్రభుత్వానికే అందరికన్నా బాగా తెలుసు. ఎందుకంటే ఇదే రాయగడ జిల్లాలో ఆ మాటకు పరీక్ష పెట్టి ఓడిపోయింది ఆ ప్రభుత్వమే.

నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కొండ చుట్టూ వంద పైచిలుకు ఊళ్లుంటే సభలకు పన్నెండింటినే ఎంపిక చేశారు. ఎంపిక చేసింది ఉద్యమకారులు కాదు, రాష్ట్ర ప్రభుత్వం. పరిశీలకుడిగా కూర్చున్నది జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి. జులై 18న మొదలై ఆగస్టు 19 దాకా, రాయగడలో ఏడు, కలహండిలో అయిదు పల్లిసభలు (గ్రామసభలు) జరిగాయి. డోంగ్రియా కోంధు ఆడవాళ్లూ మగవాళ్లూ లేచి నిలబడి, తమ భాషలో, జడ్జి వింటుండగా తమ మాట చెప్పారు. పన్నెండుకు పన్నెండు సభలూ తవ్వకాన్ని తిరస్కరించాయి. ఎవరు రెచ్చగొట్టారు వాళ్లను? న్యాయమూర్తా? ఊళ్లను ఎంచిన సర్కారా? ఆ తీర్మానాలను తిరగదోడాలని రాష్ట్ర ఖనిజ సంస్థ మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కితే, 2016 మేలో న్యాయస్థానం ఆ పిటిషన్‌ను తోసిపుచ్చింది. ఇంతకు మించిన రుజువు ఏ ప్రభుత్వానికైనా ఇంకేం కావాలి?

రుజువు దొరికాక నింద ఆగాలి. ఆగలేదు, పేరు మార్చుకుని వచ్చింది. ఆ కొండ కోసం పోరాడే నియమగిరి సురక్షా సమితిని మావోయిస్టులు నడిపిస్తున్నారని కేంద్ర హోంశాఖ తన 2016–17 వార్షిక నివేదికలో రాసింది. ఎన్నికలను బహిష్కరించమనే మావోయిస్టులెక్కడ? రాజ్యాంగం ఇచ్చిన గ్రామసభలో చెయ్యెత్తి, సుప్రీంకోర్టు తీర్పును నెత్తిన పెట్టుకున్న కోంధులెక్కడ? 2023 ఆగస్టులో రాయగడ పోలీసులు నియమగిరి ఉద్యమకారులు తొమ్మిది మందిపై చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టాన్ని (ఉపా) ప్రయోగించి, విమర్శలు రాగానే ఆ సెక్షన్లను వెనక్కి తీసుకున్నారు. నిన్న మావోయిస్టులు, నేడు బయటివాళ్లు. నింద ఏదైనా ఉద్దేశం ఒక్కటే. గిరిజనుడికి సొంత బుద్ధి లేదని లోకాన్ని నమ్మించడం.

ఇదే పని నగరంలో చేస్తే ఏమంటున్నారో చూడండి. 2016లో హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టబోతే నగరవాసులు చేయీ చేయీ కలిపి నిలబడ్డారు, జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. వాళ్లెవరూ ఆ పార్కు యజమానులు కారు. జీతం లేకుండా, పదవి ఆశించకుండా, అందరి జాగాను కాపాడాలని వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లది ఏ జిల్లా అని ఎవరూ అడగలేదు. వాళ్లను పౌర సమాజం అన్నాం, గౌరవించాం. అది న్యాయమే. మరి సిజిమలి మీద అదే పని చేస్తున్న కోంధు రైతుకు ఆ గౌరవం ఎందుకు దక్కదు? అతడికి కొండే దేవుడు, మేత, మందు, నీళ్లు. నడకకు వెళ్లే పార్కు కన్నా అది అతడికి ఎన్నో రెట్లు దగ్గర. పైగా చట్టం అతడి పక్షానే ఉంది. అడవినీ, నీటి వనరులనూ కాపాడే అధికారాన్ని 2006 అటవీ హక్కుల చట్టం అయిదో సెక్షన్ గ్రామసభ చేతిలోనే పెట్టింది.

ఇంతకీ బయటివాళ్లు ఎవరు? సుమారు 1,549 హెక్టార్ల సిజిమలి లీజు, 31 కోట్ల టన్నుల బాక్సైట్ దక్కబోయేది వేదాంతకు. దాని మాతృసంస్థ ఉన్నది లండన్‌లో. ఆ సంస్థ మనుషులకు పోలీసు రక్షణ, వాళ్లను ప్రశ్నించడానికి వచ్చేవాళ్లకు ప్రవేశ నిషేధం. 2023 డిసెంబరు గ్రామసభల్లో ప్రజలంతా ఒప్పుకున్నారని కాగితాలు చూపిస్తున్నారు. ఆ సంతకాలు తమవి కావని ఊళ్లవాళ్లు మొత్తుకుంటున్నారు. నిజం తేలాలంటే నలుగురూ వచ్చి చూడాలి. చూసే కళ్లనే తరిమేస్తే దాచాల్సింది ఉందనే అర్థం.

సరిహద్దుకు ఇవతల ఉన్న తెలుగువాళ్లమూ బయటివాళ్లం కాము. వంశధార నియమగిరి అంచుల్లో పుట్టి గొట్టా బ్యారేజీకి చేరుతోంది. కలహండి కొండల్లో పుట్టిన నాగావళి రాయగడ మీదుగా తోటపల్లికి వచ్చి, శ్రీకాకుళం దాటి సముద్రంలో కలుస్తోంది. కొండ తలను చెక్కేస్తే ఎండేది కాశీపూర్ ఊటలే కాదు, మన వరిమళ్లు కూడా. ముప్పు సిజిమలితో ఆగదు. పక్కనున్న కోరాపుట్ జిల్లాలో మాలిపర్వతం అనే బాక్సైట్ కొండ కోసం పోరు సాగుతూనే ఉంది. అదే జిల్లాలోని పొట్టంగి బాక్సైట్ ప్రభుత్వరంగ సంస్థ నాల్కోకు కేటాయించి ఉంది. రాయగడలో విధించిన ఈ నిషేధాన్ని సహించి ఊరుకుంటే రేపు పొట్టంగి వాకిట్లోనూ ఇదే కాగితం అంటిస్తారు.

అందుకే మా డిమాండ్ స్పష్టం. రాయగడ యంత్రాంగం అలాంటి నిషేధాజ్ఞను మళ్లీ జారీచేయరాదు. సిజిమలి ఊళ్లన్నిటా, 2013లో నియమగిరిలో జరిగినట్టే, న్యాయాధికారి సమక్షంలో గ్రామసభలు మళ్లీ జరగాలి. పత్రికలవాళ్లనూ, పౌర సంఘాలవాళ్లనూ రానివ్వాలి. అక్కడ ప్రజలు ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆ ఒక్క పరీక్షకు ఒప్పుకోని ప్రభుత్వానికి, ప్రజలను ఎవరో రెచ్చగొడుతున్నారని అనే హక్కు లేదు.