అరెకరం సంగతి కూడా రాయండి
అమెరికా పౌరసత్వం తీసుకుని, అక్కడి రక్షణ శాఖ కాంట్రాక్టులు చేసే కంపెనీలో చేరబోతున్న తెలుగువాళ్లకు ఒక మాట గట్టిగా చెప్పాలి: రహస్య సమాచారం చూసే అనుమతికి, అంటే సెక్యూరిటీ క్లియరెన్స్‌కు, నింపే ఫారంలో ఏదీ దాచొద్దు. ఎస్ఎఫ్-86 అనే ఆ ఫారం నూరు పేజీలు దాటుతుంది. పదేళ్లుగా ఎక్కడున్నారు, ఎక్కడ పనిచేశారు అన్నదాంతో ఆగదు. 18వ సెక్షన్‌లో అమ్మానాన్నలు, అత్తమామలు, తోబుట్టువులు ఏ దేశ పౌరులో రాయాలి, 20వ సెక్షన్‌లో విదేశీ ఆస్తులు చూపాలి. మనవాళ్లు తడబడేది సరిగ్గా ఇక్కడే. నాన్న రాసిచ్చిన అరెకరం, బావమరిదితో కలిసి కొన్న ప్లాటు, ఊళ్లో బ్యాంకులో వేసిన ఎఫ్‌డీ... ఇవన్నీ ఎందుకులే, వదిలెయ్ అని చెప్పే స్నేహితులు ఉంటారు. అంతకంటే చెడ్డ సలహా ఉండదు. గుంటూరులో అమ్మ ఉందని చెప్పినందుకు ఎవరినీ శిక్షించరు, తెలిసి అబద్ధం రాస్తే మాత్రం అక్కడి చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇక కంపెనీల తీరు నాకు బొత్తిగా నచ్చదు. ఈ క్లియరెన్స్‌కు మనిషి సొంతంగా దరఖాస్తు పెట్టుకునే వీల్లేదు, కంపెనీయో ప్రభుత్వ శాఖో స్పాన్సర్ చేయాల్సిందే. అలాంటప్పుడు ‘ఇప్పటికే క్లియరెన్స్ ఉన్నవాళ్లే అప్లై చేయండి’ అని ప్రకటన ఇస్తే కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కణ్నుంచి తెస్తారు? రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో దర్యాప్తు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది. కంపెనీ చేయాల్సిందల్లా దర్యాప్తు సాగే నెలల్లో మనిషికి రహస్యాలతో సంబంధం లేని పని చూపించి కాస్త ఓపిక పట్టడం. పెద్ద పెద్ద సంస్థలు కూడా ఆ మాత్రం చేయకపోవడం అన్యాయం.