హెల్మెట్: ఎవరిష్టం వారిదేనా?

‘తల నాది. పగిలితే నాదే పగులుతుంది. మధ్యలో సర్కారుకేం పని?’ హెల్మెట్ మాట ఎత్తితే రచ్చబండ దగ్గర వినిపించే మాట ఇదే. కిలోమీటరు దూరంలోని పొలానికి పోయేవాడికి ఆ బరువెందుకని, ఎండాకాలంలో తల ఉడికిపోతుందని, వెనక వచ్చే లారీ హారను వినబడదని అనేవారూ ఉన్నారు. ఉక్కపోత నిజమే. కాని హెల్మెట్ ఉన్నా హారను వినబడుతుంది. పొలం దారి కూడా ఎక్కడో ఒకచోట తారురోడ్డు ఎక్కక తప్పదు.

ఈ తగవు కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల నిబంధనల్లో హెల్మెట్‌ను తప్పనిసరి చేసిన 498-ఎ నిబంధన పౌరుల స్వేచ్ఛకు అడ్డు వస్తోందంటూ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది ప్రజల మేలు కోసం పెట్టినదే తప్ప తిరిగే హక్కుకు ఆటంకం కాదని 1988లో కోర్టు తీర్పు చెప్పింది. అదే ఏటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ దేశమంతటికీ ఈ నియమం పెట్టింది. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉంది. 2019 సవరణ ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతివారూ, వెనక కూర్చున్నా సరే, హెల్మెట్ పెట్టుకోవాలి.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేకుండా ప్రమాదాల్లో మరణించినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది బండి నడిపినవారు కారు, వెనక కూర్చున్నవారు. హెల్మెట్ ఉంటే మరణించే ముప్పు సుమారు 42 శాతం తగ్గుతుందని అనేక అధ్యయనాలను కలిపి చూసిన నిపుణులు తేల్చారు.

పగిలేది ఒక్క తలే కావచ్చు. కాని ఇంటి పెద్ద మంచాన పడితే ఎకరం అమ్మి పట్నం ఆసుపత్రికి కట్టేది ఇంట్లోవారు. బడి మానేది పిల్లలు. వెనక భార్యనూ, ముందు ట్యాంకు మీద బిడ్డనూ కూర్చోబెట్టుకుని పోయేవాడు వారి ఇష్టం అడిగాడా? అందుకే ఇది ఒక్కడి ఇష్టానికి వదిలే విషయం కాదు.

అయితే చట్టం పేరుతో జరిమానా వసూలు ఒక్కటే చేస్తే చాలదు. చట్టంలో రాసిన జరిమానా వెయ్యి రూపాయలు. కూలి చేసుకునేవాడికి అది రెండు మూడు రోజుల కష్టం. దానికి భయపడి కొందరు రోడ్డు పక్కన దొరికే నాసిరకం టోపీ కొని, పోలీసులు కనబడినప్పుడే నెత్తిన పెడుతున్నారు. దానివల్ల జరిమానా తప్పవచ్చుగాని ప్రాణం దక్కదు. దెబ్బ తగిలినప్పుడు లోపలి థర్మోకోల్ పొర నలిగి ఆ దెబ్బను తాను తీసుకోవాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివాటికి ఆ భరోసా లేదు. గడ్డం కింద పట్టీ బిగించకపోతే మంచి హెల్మెట్ అయినా ఎగిరిపోతుంది.

కొత్త బండితోపాటు ప్రమాణాలున్న హెల్మెట్ ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 138 చెబుతోంది. ఈ సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసు? కొనేవారు దాన్ని అడిగి తీసుకోవాలి. ఇవ్వని షోరూములపై రవాణా అధికారులు చర్య తీసుకోవాలి. నాసిరకం సరుకును అంగళ్లలోనే పట్టుకోవాలి. పెట్టుకోనివారి దగ్గర వసూలు చేసే పట్టుదలలో సగం అక్కడ చూపినా, చట్టం తమ మేలు కోసమేనని పల్లె జనం నమ్ముతారు.