ల్యుకీమియా పిల్లలను పథ్యం పేరుతో పస్తులు పెట్టకండి

ఈ నెల మొదటి వారంలో మా వీధి చివర మందుల దుకాణం దగ్గర ఒక నాయనమ్మ నన్ను ఆపింది. గొలుగొండ వైపు పల్లె. పక్కన ఆరేళ్ల మనవడు. మూతికి మాస్కు, నెత్తిన టోపీ. ఆమె చేతి సంచిలో ఆసుపత్రి ఫైలు. పిల్లవాడికి లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా, అంటే రక్త క్యాన్సర్. నాలుగు నెలలుగా చికిత్స జరుగుతోంది. ఏం తింటున్నాడని అడిగాను. "పత్తెం గట్టిగా చేయిస్తన్నాం బాబూ. గుడ్డు నేదు, పప్పు నేదు, పెరుగు నేదు. పొద్దున గంజి, రెండు పూటలా చారన్నం" అని చెప్పింది. ఆ గొంతులో ఉన్నది గర్వమే. తన మనవడి కోసం తాను చేయగలిగినదంతా చేస్తున్నానన్న నమ్మకం అది.

ఫైలు తిరగేశాను. విన్‌క్రిస్టిన్, ఆస్పరాజినేజ్, మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్ అన్నీ క్రమంగా ఉన్నాయి. ప్రతి మోతాదూ దశాంశ స్థానం వరకు లెక్కకట్టి రాశారు. వెళ్లిన ప్రతిసారీ బరువు కూడా నమోదైంది. మొదట 17 కిలోలు, స్టెరాయిడ్ వాడిన వారాల్లో 18.5, ఇప్పుడు 15. ఎత్తు మాత్రం ఒక్కసారే కొలిచారు. ఆహారం గురించి డిశ్చార్జి చీటీలో ఉన్నది చివరి పంక్తి ఒక్కటే: "బలమైన ఆహారం ఇవ్వాలి."

ఆ బరువులన్నీ ఎందుకు రాశారో వైద్యుడినైన నాకు తెలుసు. శరీర ఉపరితల వైశాల్యం లెక్కకట్టి మందు మోతాదు నిర్ణయించడానికి. పిల్లవాడు తరిగిపోతున్నాడని చెప్పే అంకెలు అదే కాగితం మీద ఉన్నాయి. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసిన వారు లేరు. మందును మిల్లీగ్రాముల్లో రాసే మనం తిండిని ఒక విశేషణంతో సరిపెడుతున్నాం. ఆ విశేషణానికి అర్థం చెప్పే బాధ్యతను ఇరుగుపొరుగుకు, వాట్సాప్‌కు అప్పగిస్తున్నాం.

కాస్త లెక్క చూద్దాం. నాలుగు నుంచి ఆరేళ్ల ఆరోగ్యవంతుడైన బిడ్డకు రోజుకు సుమారు 1360 కేలరీలు, 16 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి ప్రమాణాలు చెబుతున్నాయి. గంజి, చారన్నం మూడు పూటలా కలిపితే, నా అంచనాలో 700 కేలరీలు కూడా దాటవు. మాంసకృత్తుల మాట చెప్పనే అక్కరలేదు. పైగా ఇతడు ఆరోగ్యవంతుడు కాడు. జ్వరాలు, వాంతులు, మెథోట్రెక్సేట్ తెచ్చిపెట్టే నోటిపూత, విన్‌క్రిస్టిన్ వల్ల మలబద్ధకం, దవడ నొప్పి ఉన్నాయి. వీటన్నిటి మధ్య అతని మజ్జ కొత్త కణాలను తయారు చేసుకోవాలి. సగం కూలికి రెట్టింపు పని చేయిస్తున్నామన్నమాట. పోషణ లేని బిడ్డకు ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. ఇన్‌ఫెక్షన్ వస్తే కీమోథెరపీ వాయిదా పడుతుంది, వాయిదాలు పెరిగితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. సంపన్న దేశాల్లో ఈ రకం ల్యుకీమియా వచ్చిన పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది బతకకపోవడానికి ఉన్న కారణాల్లో ఖాళీ కంచం ఒకటి.

పథ్యాన్ని పూర్తిగా వెక్కిరించే వాడిని కాను. మా అమ్మ పెట్టిన పథ్యాలు తిని పెరిగినవాడినే. కానీ జబ్బు మనిషిని పస్తు పెట్టాలన్న ఆలోచన మన ఒక్కరి సొత్తు కాదు. పాశ్చాత్యులు కూడా జ్వరం వచ్చిన వారిని మాడ్చేవారు. పంతొమ్మిదవ శతాబ్దంలో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ ఆ ఆచారాన్ని ఎదిరించి, జ్వరపీడితులకు తిండి పెట్టినవాడన్న మాట ఒక్కటి తన సమాధి మీద రాస్తే చాలన్నాడు. అది జరిగి సుమారు రెండు వందల ఏళ్లవుతోంది. నర్సీపట్నం ఇంకా అక్కడికి చేరలేదు.

"గుడ్డు వేడి, పప్పు వాతం, పెరుగు జలుబు, పంచదార క్యాన్సర్‌కు మేత" అని అందరూ చెబుతారు. పంచదార మాట వేరుగా చెప్పాలి. క్యాన్సర్ కణం గ్లూకోజును ఎక్కువగా వాడుకునే మాట నిజమే. అయితే మీరు పిల్లవాడికి అన్నం తగ్గించినంత మాత్రాన ఆ కణం మాడదు. శరీరం తన కండను కరిగించి మరీ రక్తంలో గ్లూకోజును నిలబెడుతుంది. మాడేది పిల్లవాడే. స్టెరాయిడ్, ఆస్పరాజినేజ్ కలిసి వాడే వారాల్లో కొందరికి రక్తంలో చక్కెర పెరుగుతుంది. అప్పుడు తీపి తగ్గించమని చికిత్స చేసే వైద్యుడే చెబుతాడు. అది తాత్కాలికం.

తినవలసినవి ఆపి, తాగకూడనివి తాగించడం దీనికి రెండో సగం. గోధుమగడ్డి రసం, బొప్పాయి ఆకు రసం, లక్ష్మణఫలం పొడి, వాటితోపాటు "రక్తం పట్టే" టానిక్కులు. ఈ టానిక్కుల గురించి ఒక తెలుగువాడి కథ చెప్పక తప్పదు. ముంబయిలో గర్భిణుల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్స్, ఈస్టు సారంలో ఆ జబ్బును నయం చేసే పదార్థమేదో ఉందని సుమారు 1930లో గుర్తించింది. అదే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. దాన్ని కృత్రిమంగా తయారు చేసినది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. రక్తానికి మంచిదైతే రక్త క్యాన్సర్‌కూ మంచిదే కావాలి కదా? బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా పిల్లలకు ఆ కోవకు చెందిన పదార్థాలు ఇచ్చి చూశాడు. జబ్బు ఉద్ధృతమైనట్టు కనిపించింది. అప్పుడు దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌ను సుబ్బారావు బృందం అందించింది. పదహారుమంది పిల్లల్లో పదిమందికి కొంతకాలమైనా మేలు జరిగిందని ఫార్బర్ 1948లో ప్రకటించాడు. సుబ్బారావు ఆ ఏడాదే మరణించాడు. అమినోప్టెరిన్ తోబుట్టువే ఇవాళ మన పిల్లవాడు వారానికి ఒకసారి మింగుతున్న మెథోట్రెక్సేట్. కణాలకు ఫోలిక్ ఆమ్లం అక్కరకు రాకుండా చేయడమే దాని పని. అలాంటప్పుడు ఫోలిక్ ఆమ్లం కలిసిన టానిక్కును కొని తాగిస్తే, ఒక చేత్తో ఇచ్చిన మందును మరో చేత్తో తుడిచినట్టే. తిండిలో సహజంగా ఉండే పాటికి భయపడనక్కరలేదు, ఆకుకూర మానవద్దు. పెద్ద మోతాదు మెథోట్రెక్సేట్ తర్వాత ఆసుపత్రిలో ఇచ్చే ల్యూకోవోరిన్ సంగతి వేరు, అది లెక్క ప్రకారం ఇచ్చేది. ఇక ఇనుము: పదేపదే రక్తం ఎక్కించుకున్న బిడ్డలో అది ఇప్పటికే అవసరానికి మించి ఉండవచ్చు. రక్తం పట్టడం లేదని మళ్లీ పోయకండి.

ఈ విషయంలో నేను పెద్దరికం చూపలేను. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, ఏజెన్సీ ఆరోగ్య కేంద్రంలో, పాలిపోయిన ఒక పిల్లకు రెండు నెలలపాటు ఐరన్ టానిక్కు రాశాను. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి చూడాలన్న ఆలోచన మూడోసారి వచ్చినప్పుడు గానీ రాలేదు. ఆ పిల్ల పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ బాబు బరువు 18.5 అయినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషించారట, ఒళ్లు చేశాడని. అది ఒళ్లు కాదు. స్టెరాయిడ్ ముఖాన్ని, పొట్టను నింపుతుంది, నీటిని నిలుపుతుంది, అదే సమయంలో చేతులు కాళ్ల కండను తినేస్తుంది, ఎముకను బలహీనపరుస్తుంది. అందుకే ఈ పిల్లల్లో బరువు ఒక్కటే చూస్తే మోసపోతాం. భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత చూడాలి. ఆ టేపు ప్రతి అంగన్‌వాడీలో ఉంటుంది, ఖరీదు లేదు. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి, పెరుగుదల పట్టిక మీద చుక్క పెట్టాలి. చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. ఆ కాలంలో ఎదుగుదల మందగించడం మామూలే. మందులు మాత్రమే వాడిన పిల్లల్లో చాలామంది తర్వాత అందుకుంటారు. తలకు రేడియేషన్ ఇచ్చిన వారిలో ఎదుగుదల హార్మోను తగ్గవచ్చు, వారిని మరింత కనిపెట్టి ఉండాలి. చుక్కలే పెట్టకపోతే ఎవరు ఆగిపోయారో ఎలా తెలుస్తుంది?

ప్రభుత్వాన్ని అడగవలసినదీ ఉంది. క్షయ రోగులకు పోషణ కోసం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తున్నారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. మంచి పని. తిండి కూడా మందేనని ప్రభుత్వం అక్కడ ఒప్పుకుంది. మరి ల్యుకీమియా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం ఏమైంది? ఆరోగ్య పథకం కింద లక్షల ఖరీదు చేసే చికిత్స ఉచితం. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు భోజనమూ ఉంది. కానీ ఈ చికిత్సలో ఎక్కువ భాగం జరిగేది ఇంటి దగ్గర. ఇంకా విడ్డూరం, బడిలో మధ్యాహ్నం పెట్టే గుడ్డు, పల్లీ చిక్కీ, రాగి జావ బిడ్డకు జబ్బు చేసి బడి మానిన రోజునే ఆగిపోతాయి. హాజరు పట్టీలో పేరు ఉండగానే, కంచంలో వాటా పోతుంది. ఆ గుడ్డును ఆశా కార్యకర్త చేతో, అంగన్‌వాడీ ద్వారానో ఇంటికి పంపడానికి కొత్త చట్టం కావాలా? క్యాన్సర్ పిల్లలు వచ్చే ప్రతి ఆసుపత్రిలో ఒక పోషకాహార నిపుణురాలి పోస్టు, మందుల చీటీకి జతగా ఆమె సంతకంతో ఆహారపు చీటీ. నేను అడుగుతున్నది ఇంతే.

ఏం పెట్టాలని తల్లులు అడుగుతారు. ఖరీదైన పొడుల డబ్బాలు అవసరం లేదు. ఉడికించిన గుడ్డు, ముద్దపప్పులో నెయ్యి, చోడి అంబలిలో కాచిన పాలు, బెల్లం, బూజు పట్టని పల్లీలు వేయించి చేసిన ఉండ, బాగా ఉడికిన చేప. నోరు పూసినప్పుడు చల్లార్చిన మెత్తని పదార్థాలు, కారం లేకుండా. మూడు పూటలకు బదులు ఆరుసార్లు, కొంచెం కొంచెం. చేతులు సబ్బుతో కడిగి, వేడిగా వండి, వెంటనే పెట్టాలి. కాచి చల్లార్చిన నీరే తాగించాలి. పండు కడిగి, మీరే తొక్క తీసి ఇవ్వాలి. బండి మీద కోసినది వద్దు. ఇలా శుభ్రత పాటిస్తే, ఆపైన ప్రత్యేకంగా పదార్థాలు నిషేధించడం వల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గవని 2018లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం పిల్లల్లోనే చూపించింది. తెల్లకణాలు బాగా పడిపోయిన రోజుల్లో పెరుగు పెట్టవచ్చా అన్నది మీ వైద్యుడిని అడగండి. కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చి వాంతులైతే మాత్రం తిండి ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆస్పరాజినేజ్ వల్ల క్లోమం వాచి ఉండవచ్చు.

ఆ నాయనమ్మకు చదువు రాదు. ఆసుపత్రి ఫైలు అట్ట లోపలి వైపు ఒక గుడ్డు, ఒక పప్పు గిన్నె, పాల గ్లాసు, ఉండ బొమ్మలు గీసి, పక్కన రోజుకు ఎన్నిసార్లో చుక్కలు పెట్టి ఇచ్చాను. బొమ్మలు బాగా కుదరలేదు. గుడ్డును చూపించి ఇది బంగాళాదుంపా అని అడిగాడు మనవడు. వచ్చే నెల విశాఖ వెళ్లే ముందు ఇటు రమ్మని చెప్పాను. టేపు సిద్ధంగా పెట్టుకున్నాను.