దాచిపెడితే సేఫ్టీ కాదు

చంద్రయాన్-3 మన తిరుపతి జిల్లా నుంచే వెళ్ళింది. 2023 జూలై 14న శ్రీహరికోటలో రాకెట్ లేచింది, ఆగస్టు 23న విక్రమ్ దిగింది, అందరం చప్పట్లు కొట్టాం. కానీ ఆ రాకెట్‌లో రెండు అణు హీటర్లు కూడా వెళ్ళాయని మనలో ఎంతమందికి తెలుసు? బార్క్ తయారు చేసింది, ఒక్కోటి ఒక్క వాట్. రేడియోధార్మిక పదార్థం క్షీణిస్తూ ఇచ్చే వేడితో పరికరాలు గడ్డకట్టకుండా చూస్తాయి. వాటిని పెట్టింది ప్రొపల్షన్ మాడ్యూల్‌లో. విక్రమ్‌లో అలాంటివి లేవు. దాదాపు రెండు వారాల పని ముగించి, చంద్రుడి రాత్రిలో పడుకుంది, మళ్ళీ లేవలేదు. 1970లో దిగిన సోవియట్ రోవర్ లునోఖోద్ మాత్రం పొలోనియం వేడితో అలాంటి రాత్రులు ఎన్నో దాటింది.

కాబట్టి అంతరిక్షంలో అణుశక్తి కావాల్సిందే అంటాను. అంగారకుడి దాకా మనుషులు పోవాలంటే ఇంకా కావాలి. దారిలో కాస్మిక్ కిరణాలుంటాయి. మందపాటి లోహం అడ్డం పెడితే అవి దాన్ని కొట్టి కొత్త కణాల్ని పుట్టిస్తాయి. నీళ్ళు, పాలిథిన్ లాంటివి నయమే కానీ బరువు. అందుకే తొందరగా చేరుకోవడం కూడా ఒక కవచమే. రియాక్టర్‌తో హైడ్రోజన్‌ను వేడిచేసే రాకెట్, అదే ఇంధన బరువుకు, ఇప్పటి రాకెట్ల కంటే దాదాపు రెట్టింపు పని ఇస్తుంది.

నా గొడవల్లా ఒకటే. ఆ హీటర్ల సంగతి ప్రయోగం అయిపోయిన కొన్ని నెలలకు గానీ వార్తల్లోకి రాలేదు. ఒక వాట్ హీటర్‌తో ఏదో అయిపోతుందని నేననడం లేదు. రేపు పెద్దవి పోతాయి కదా? 1997లో కస్సీని నౌకలో నాసా సుమారు 33 కిలోల ప్లుటోనియం ఇంధనం పంపింది. ప్రమాదం జరిగితే ఏమవుతుందో ముందే రిపోర్టు బయటపెట్టింది. జనం నిరసన చేశారు, ప్రశ్నలడిగారు. అయినా నౌక వెళ్ళింది, శనిగ్రహం చేరింది.

మనం చదివే సెక్యూరిటీ సబ్జెక్టులోనూ ఇదే సూత్రం. డిజైన్ అందరికీ తెలిసినా తట్టుకునేదే మంచి సిస్టమ్.

సూళ్ళూరుపేటలో, పులికాట్ ఒడ్డున ఉన్నవాళ్ళకు చెప్పడం అంత కష్టమా? "ప్లుటోనియం వదిలే ఆల్ఫా కణాల్ని కాగితం కూడా ఆపుతుంది. దుమ్ముగా మారి ఊపిరితిత్తుల్లోకి పోతేనే ముప్పు. అందుకే గట్టి బిళ్ళలుగా చేసి ఇరిడియం తొడుగులో పెడతారు. రియాక్టర్ అయితే పైకెళ్ళాకే ఆన్ చేస్తారు, అంతవరకు దాని రేడియేషన్ చాలా తక్కువ." ఇంతే కదా! మా అవ్వకు కూడా అర్థమవుతుంది.

అణు పరికరం ఎక్కే ప్రతి ప్రయోగానికీ ముందు ఇలాంటి రిపోర్టు ఒకటి రావాలి, తెలుగులో రావాలి. రాయడానికి మనలాంటి క్లబ్బులు ఉన్నాయి. మీరేమంటారు?